"నూనె తేలేదాకా" అన్న చోట ఫొటో పెట్టండి

నెట్లో రాసేవాళ్లకి ఫొటోలు, బొమ్మల విషయంలో ఉన్న సందేహాలు పంపమని పోయిన నెల అడిగాం. వంటలు రాసే అమ్మల దగ్గర్నుంచి ఊరి చరిత్ర రాసే మాస్టార్ల దాకా రాశారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి, కొన్ని కాస్త కుదించి ఇస్తున్నాం. పేర్లు వేయట్లేదు, ఊళ్లు మాత్రం వేశాం.

తెనాలి నుంచి ఒక గృహిణి: మా అత్తగారి వంటలు రాసి నెట్లో పెడుతుంటానండి. బాగుందంటారు గానీ ఎవరూ చివరిదాకా చదువుతున్నట్టు లేదు. ఫొటోలు పెట్టమ్మా అంటాడు మా అబ్బాయి. సరే అని గోంగూర పచ్చడి ఫొటో తీస్తే నల్లగా తారు ముద్దలా వచ్చింది. నెట్లో మంచి ఫొటోలు బోలెడు ఉన్నాయి కదా, వాటిలో ఒకటి తీసి పెట్టేయనా?

వద్దమ్మా, అస్సలు వద్దు. మీరేమో పచ్చిమిరపకాయలతో చేసే పచ్చడి రాశారు, ఎక్కడ్నుంచో తెచ్చిన ఫొటోలో పైన ఎండుమిరపకాయల తాలింపు మెరుస్తూ కనపడుతోంది అనుకోండి, ఫోను స్టవ్ పక్కన పెట్టుకుని చూస్తూ వండే కొత్త పెళ్లికూతురు ఏది నమ్మాలి? ఫొటోనే నమ్ముతుంది. అంతటితో మీ అత్తగారి వంట కాస్తా ఇంకెవరి వంటో అయిపోయింది. పైగా ఆ ఫొటో ఎవరో కష్టపడి తీసుకున్నది, అడక్కుండా వాడుకోకూడదు, ఆ సంగతి కింద మాస్టారికి రాసిన జవాబులో ఉంది చూడండి.

ఇక నల్లగా ఎందుకొచ్చిందంటే, నా అంచనా మీరు వంటగదిలో ట్యూబ్‌లైట్ కింద, గిన్నెలో ఉండగానే, పైనుంచి తీసుంటారు. మీ తల నీడా చెయ్యి నీడా గిన్నెలోనే పడతాయి. గోంగూర ఉడికాక అసలే ముదురు రంగు, దాని మీద నీడ పడితే ఇంకేం కనపడుతుంది. ఈసారి పొద్దున తొమ్మిది పదింటికి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని, పళ్లెం దాని మీద పెట్టండి. గదిలో లైట్లు ఆపేయండి, ఎందుకంటే కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైట్ వెలుతురు ఇంకో రంగు, రెండూ కలిస్తే అన్నం కూడా పచ్చగా పాలిపోయినట్టు వస్తుంది. కిటికీకి అవతలి వైపు, అంటే నీడ పడే వైపు, ఒక తెల్ల చార్టు గానీ థర్మాకోల్ ముక్క గానీ నిలబెట్టండి, వెలుతురు దానికి తగిలి తిరిగొచ్చి పచ్చడి మీద పడుతుంది. ఫ్లాష్ వేయకండి, నూనె మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. జూమ్ కూడా చేయకండి, మీరే దగ్గరికి జరగండి. అన్నిటికంటే ముందు ఫోను వెనక కెమెరా అద్దాన్ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి, వంట చేసిన చేత్తో ఫోను పట్టుకుంటాం కదా, నూనె వేలిముద్ర ఉందంటే ఫొటో అంతా మంచు పట్టినట్టు వస్తుంది. స్క్రీన్ మీద పచ్చడి ఉన్న చోట వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, తెల్ల పళ్లెంలో ముదురు పచ్చడి అయితే దాన్ని కొంచెం పైకి జరపండి, నల్ల ఇనప మూకుడు అయితే కొంచెం కిందకి.

ఇంతా చేసి ఒక్క అందమైన పళ్లెం ఫొటో పెట్టేస్తే చివరిదాకా చదువుతారా అంటే చదవరు. ఆ పళ్లెం చూసి నోరూరి లోపలికి వస్తారు, అంతే. లోపల నిలబెట్టేది వేరే ఫొటో. మీరు రాసిన వంట మీరే ఒకసారి చదువుకుని, కొత్తవాళ్లు ఏ మాట దగ్గర ఆగిపోతారో వెతకండి. "ఆకు మగ్గాక", "దోరగా వేగాక", "నూనె తేలేదాకా". ఈ మాటలు మీకూ నాకూ తెలుసు, పొయ్యి దగ్గర అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నాం కాబట్టి. ఎక్కడో హాస్టల్లోనో పరాయి దేశంలోనో ఉండి వండుకునే పిల్లలకి నూనె తేలడం అంటే ఎంత తేలాలి, ఎక్కడ తేలాలి? మూకుడు అంచు చుట్టూ సన్నగా గీతలా నూనె కనపడుతున్నప్పుడు ఒక ఫొటో తీయండి, మీరు నాలుగు వాక్యాలు రాసినా చెప్పలేనిది అది చెప్తుంది. గోంగూరలోనే ఎర్ర కాడలది వేరు, తెల్ల కాడలది వేరు, పులుపు తేడా. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి ఒకటి తీయండి. రేపు సంక్రాంతికి అరిసెలు రాస్తారు కదా, అక్కడైతే పాకం ఫొటోయే ప్రాణం: పళ్లెంలో చన్నీళ్లు పోసి పాకం చుక్క వేసి వేలితో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ అవ్వాలి, ఆ ఉండ మీ రెండు వేళ్ల మధ్య ఉన్నప్పుడు తీయండి. ఇంకాస్త ముదిరి ఉండ పళ్లేనికి తగిలి ఠంగుమందంటే అరిసెలు రాళ్లవుతాయి, ఆ మాట ఫొటో కింద రాయండి. ఉల్లిపాయలు తరుగుతున్నది, ఉప్పు వేస్తున్నది ఇలాంటివి తీయకపోయినా పరవాలేదు, అవి అందరికీ తెలుసు. వంటకి మూడో నాలుగో ఫొటోలు, అవీ ఏ మాట దగ్గర కావాలో ఆ మాట కిందే. అన్నీ ఒక్కచోట గుట్టగా పోస్తే ఏది దేనికో తెలీదు.

కరీంనగర్ దగ్గర్నుంచి ఒక టీచర్: సార్, పిల్లల కోసం మన పండుగల మీద రాస్తున్న. బతుకమ్మ గురించి రాసి, ఏఐ తోటి బొమ్మ చేయించి పెట్టిన. గులాబీలు, తామరపూలు, నడుమ దీపం, మస్తు అందంగ వచ్చింది. మా అత్తమ్మ చూసి "గిది బతుకమ్మ కాదు బిడ్డా" అన్నది. అంత తప్పేమున్నది?

మీ అత్తమ్మ ఒక్క చూపుతో పట్టేశారు, ఆవిడకి నా నమస్కారం చెప్పండి. బతుకమ్మకి తంగేడు పువ్వు, గునుగు పువ్వు ప్రాణం. బంతి, చామంతి, కట్ల, గుమ్మడి, ఏవి దొరికితే అవి కలుపుతారు గానీ తంగేడు లేని బతుకమ్మని ఎవరూ ఊహించుకోరు, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే కదా. గునుగు కోసుకొచ్చి కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాలంలోనో సిబ్బిలోనో ఆకులు పరిచి వరస మీద వరస గోపురంలా పేర్చుకుంటూ పోయి, పైన పసుపు గౌరమ్మని పెడతారు. ఇదంతా మీరు చక్కగా రాసే ఉంటారు. మరి కింద బొమ్మలో గులాబీలు ఉంటే మీ క్లాసులో పిల్లాడు గునుగు పువ్వు ఎలా ఉంటుందో ఎలా తెలుసుకుంటాడు? ఏఐ అంటే లక్షల బొమ్మల్లో ఎక్కువగా కనిపించినదాన్ని కలిపి అల్లేది, దానికి పువ్వులంటే గులాబీలూ తామరలే ఎక్కువ తెలుసు, మీ ఊరి చెరువు గట్టు మీద గునుగు దానికి తెలీదు. తెలీదని కూడా చెప్పదు, అందంగా అల్లేసి ఇస్తుంది, అదే ప్రమాదం.

నాకూ ఇలాంటిదే జరిగింది. చాలా ఏళ్ల కిందట మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువు గురించి రాసి, తొందరలో వేరే ఏదో చెరువు ఫొటో పెట్టాను, గట్టు మీద వరసగా తాటిచెట్లు, చూడ్డానికి బాగుంది. ఊళ్లో ఒక పెద్దాయన ఫోన్ చేసి, నాయనా మన గట్టు మీద తాటిచెట్లు ఎప్పుడున్నాయి, ఉన్నది రావిచెట్టు ఒక్కటే కదా, మిగతాది కూడా ఇలాగే రాశావా అని అడిగారు. నేను రాసినదాంట్లో ప్రతి మాటా నిజమే. కానీ ఒక్క ఫొటోతో ఆయనకి నమ్మకం పోయింది. అప్పట్నుంచీ ఫొటో అంటే నా వాక్యానికి సాక్షి అనే అనుకుంటాను, సాక్షిని అరువు తెచ్చుకోకూడదు.

ఏఐ బొమ్మ ఎప్పుడూ వాడొద్దని కాదు. కాకి, నక్క కథ రాశారు, దానికి బొమ్మ కావాలి, వాడుకోండి, కింద "ఏఐతో చేసిన బొమ్మ" అని ఒక ముక్క రాయండి. నిజంగా ఉన్న పండగ, ఉన్న గుడి, బతికిన మనిషి, జరిగిన సంఘటన అయితే మాత్రం వద్దు. ఈ ఏడు ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులుంటాయి కదా, మీ అత్తమ్మ గునుగు కట్టలు రంగులో ముంచుతున్నప్పుడు ఆ రంగంటిన చేతులు దగ్గర్నుంచి తీయండి. ఆవిడ ముఖం పడాల్సిన పని కూడా లేదు. ఏఐ బొమ్మ తీసేసి అది పెట్టండి, పిల్లలు ఎంతసేపు చూస్తారో మీకే తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు: మా ఊరి చరిత్ర రాస్తున్నాను. మా ఇంట్లో 1968లో స్టూడియోలో తీయించిన ఫొటోలు ఉన్నాయి, కొన్ని ఆల్బమ్‌కి అతుక్కుపోయాయి. వీటితోపాటు బాపు గారి బొమ్మలూ, చందమామలో వడ్డాది పాపయ్య గారి బొమ్మలూ అక్కడక్కడా వేస్తే కళగా ఉంటుందనుకుంటున్నాను. వేయవచ్చునా?

మాస్టారూ, ముందు ఆల్బమ్ సంగతి. అతుక్కున్న ఫొటోలు పీకకండి, పైపొర ఊడిందంటే మళ్లీ రాదు. ఆల్బమ్ పేజీతో సహా స్కాన్ చేయించండి, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, చేయమని చెప్పండి, చిన్న ఫొటో అయినా తర్వాత పెద్దది చేసుకుని వెనక నిలబడ్డవాళ్ల మొహాలు చూడొచ్చు. స్కానర్ అందుబాటులో లేకపోతే వరండాలో నీడ పట్టున ఫొటో పడుకోబెట్టి, ఫోను దానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీయండి. మెరిసే కాగితం అయితే కొంచెం అటూ ఇటూ జరిగి, ఆకాశం వెలుతురు దాని మీద తళుక్కుమనని చోటు చూసుకోండి. విడిగా ఉన్న ఫొటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే, బాల్ పెన్ నొక్కు ముందు వైపుకి తేలుతుంది. ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. ఎవరు ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని ఒక్కో ఫొటో చూపించి, "ఎడమ నుంచి మూడో ఆయన ఎవరు" అని అడిగి రాసుకోండి. పేర్లు లేని గ్రూప్ ఫొటో చూసి చదివేవాళ్లు దాటిపోతారు, పేర్లుంటే మాత్రం ఆ ఊరివాళ్లు ఎక్కడున్నా వెతుక్కుని మరీ చదువుతారు, "మా తాత" అని పదిమందికి పంపుతారు.

హక్కుల విషయం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కాబట్టి మీ నాన్నగారు స్టూడియోకి డబ్బు కట్టి తీయించిన ఫొటోలు వేసుకోవడానికి మీరు వెనకాడక్కర్లేదు. స్టూడియో పేరు ముద్ర ఉంటే అది కూడా కింద రాయండి, ఊరి చరిత్రలో అదీ భాగమే.

బాపు గారి బొమ్మలు మాత్రం అడక్కుండా వేయకూడదు. మన దేశంలో చిత్రకారుడి జీవితకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా. పాపయ్య గారు 1992లో పోయారు, 2052 చివరిదాకా. 2012 సవరణ తర్వాత ఫొటోలకి కూడా తీసిన మనిషిని బట్టి ఇదే లెక్క. "ఇంటర్నెట్ సౌజన్యంతో" అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, ఆ మాటకి ఏ విలువా లేదు, ఇంటర్నెట్ ఏ బొమ్మా గీయలేదు కదా.

అయితే మీకు కళ కావాలంటే దారులు ఉన్నాయి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లోనే, ముప్పై ఏళ్లు నిండకుండా పోయారు, రవివర్మ 1906లో, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1905లో. వీళ్ల పనికి గడువు ఎప్పుడో తీరింది, ఎవరైనా వాడుకోవచ్చు. 2004 నుంచి నడుస్తున్న, వికీపీడియా వాళ్ల ఉచిత ఫొటోల నిల్వ అయిన వికీమీడియా కామన్స్‌లో ఊళ్లు, గుళ్లు, పంటలు, పక్షులు, ఎన్నో ఫొటోలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంటుంది, అంటే ఉచితమే గానీ షరతులు ఉంటాయి: తీసినవారి పేరు, లైసెన్స్ పేరు, లింకు ఇవ్వాలి, మీరు కత్తిరించి మార్చి ఉంటే ఆ మాట చెప్పాలి. మీ ఊళ్లో సెంటర్లో ఉన్న విగ్రహం, పాత భవనం, ఇలా బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నవాటిని ఫొటో తీసి వేసుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. గుడి లోపల ఫొటోలు తీయరాదని బోర్డు ఉంటే అది వేరే సంగతి, అక్కడ ఆగండి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: నాకు చూపు లేదండి. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని తెలుగు రాతలు వింటాను. బాగా సాగుతున్న రాత మధ్యలో ఫొటో రాగానే "ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు నాలుగు" అని మొదలవుతుంది. తర్వాత వాక్యం "పైన చూశారుగా" అని ఉంటుంది. ఫొటోల గురించి రాసేటప్పుడు మాలాంటివాళ్లనీ గుర్తుపెట్టుకోమని చెప్పండి.

ఈ ఉత్తరం చదివాక చాలాసేపు వేరే ఉత్తరం తీయలేదు. మేం కూడా "పైన చూశారుగా" అని ఎన్నిసార్లు రాశామో. ఇది రాసేవాళ్లందరికీ చెప్తున్నాను, దయచేసి శ్రద్ధగా చదవండి.

ఫొటో ఎక్కించేటప్పుడు చాలా చోట్ల "ఆల్ట్ టెక్స్ట్" అని ఒక ఖాళీ డబ్బా కనపడుతుంది, మనం పట్టించుకోకుండా దాటేస్తాం. స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, చదివేది అక్కడ రాసిన మాటలే. ఆండ్రాయిడ్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్ఓవర్, కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, అన్నీ ఆ డబ్బాలో ఏముంటే అది వినిపిస్తాయి. ఖాళీగా వదిలేస్తే పాపం ఫైలు పేరు ఒక్కో అక్షరం చదువుతూ కూర్చోవచ్చు. అందులో "ఫొటో" అనో "బొమ్మ" అనో మొదలుపెట్టక్కర్లేదు, అది బొమ్మ అని రీడరే ముందు చెప్తుంది. ఏం కనపడుతోందో, మీరు ఆ ఫొటో ఎందుకు పెట్టారో, అది ఒకటి రెండు వాక్యాల్లో, తెలుగు రాతకి తెలుగులోనే రాయండి. తెనాలి అమ్మగారి ఫొటోకి "గోంగూర పచ్చడి" అని రాస్తే సగమే. "ఇనప మూకుడులో ముద్దలా దగ్గరపడిన గోంగూర, మూకుడు అంచు చుట్టూ సన్నటి గీతలా నూనె తేలింది" అని రాస్తే, చూపు లేని మనిషికీ పచ్చడి ఎప్పుడు దించాలో తెలుస్తుంది. కేవలం అలంకారానికి పెట్టిన ముగ్గు గీతలాంటి బొమ్మలకి మాత్రం ఏ వర్ణనా అక్కర్లేదు, అలంకారానికే అని గుర్తుపెట్టే వీలుంటే పెట్టండి, రీడర్ ఆగకుండా దాటుకుపోతుంది. ఇంకొకటి, పద్యమో సమాచారమో మొత్తం బొమ్మగా చేసి పెట్టేస్తారు, రంగు రంగుల వెనక పూలతో. అందులో ఒక్క అక్షరం కూడా రీడర్‌కి సరిగ్గా అందుతుందనే హామీ లేదు, రేపు ఎవరైనా ఆ మాట కోసం వెతికినా దొరకడం కష్టం. బొమ్మ పెట్టండి, అదే పద్యం కింద టైప్ కూడా చేయండి.

అన్నా, మీరు రాసి మంచి పని చేశారు. పాత రాతలకి మేం ఇప్పుడు ఒక్కొక్కటిగా ఈ డబ్బాలు నింపుతున్నాం.

కర్నూలు నుంచి ఒక విద్యార్థి: ఫొటో మీద తెలుగులో టైటిల్ వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి, "రాష్ట్రం" అని కొడితే ష్ ట్ రం అని విడివిడిగా వస్తోంది. ఫాంట్ తప్పా?

ఎక్కువసార్లు ఫాంట్ తప్పు కాదు తమ్ముడూ, సాఫ్ట్‌వేర్‌ది. యూనికోడ్‌లో అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలు దాచుకునే పద్ధతిలో, ష, పొల్లు, ట, పొల్లు, ర అని వరసగా ఉంటాయి, వాటిని కలిపి ఒత్తులుగా పేర్చడం ఆ సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలుగా ఆఫ్ అయి ఉంటుంది, ఫొటోషాప్, ఇన్‌డిజైన్ లాంటి వాటిలో "వరల్డ్ రెడీ" అనే సెట్టింగ్ వెతికి పెట్టుకుంటే సరిపోతుంది. ఇంక్‌స్కేప్, గింప్ ఉచితం, వాటిలో మామూలుగానే సరిగ్గా వస్తాయి. ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, సురవరం, ఇలా మన పేర్లతోనే చాలా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. టైటిల్‌కి రామభద్రలాంటి లావుది బాగుంటుంది. ఒక్కటి మర్చిపోకు, మనకి కింద ఒత్తులూ పైన గుడులూ ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టేదానికన్నా ఎక్కువ పెట్టాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలి చదవడం కష్టమవుతుంది.

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు: నేను ఇక్కడి సంగతులు ఫొటోలతో రాస్తుంటాను, ముఖ్యంగా అమలాపురంలో అమ్మ చదువుతుందని. అమ్మేమో "తెల్లగా వస్తుందే తప్ప ఫొటోలు రావట్లేదే" అంటుంది. నాకు బాగానే కనపడుతున్నాయి.

మీకు ఇంట్లో వైఫై జోరుగా ఉంటుంది, అమ్మకి మధ్యాహ్నం పూట ఫోన్ సిగ్నల్ రెండు గీతలు. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, ఒక్కొక్కటి మూడు నుంచి ఐదు ఎంబీ దాకా ఉంటుంది. పది పెట్టారంటే నలభై ఎంబీ, అమ్మ ఫోను దాన్నంతా లాగాలి. అమ్మ చూసే స్క్రీన్‌కి అంత అవసరమే లేదు. ఎక్కించే ముందు వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 75, 80 మధ్య పెట్టండి, చాలా ఫొటోలు రెండు వందల కేబీ చుట్టుపక్కలకి వచ్చేస్తాయి, కంటికి తేడా తెలీదు. స్క్వూష్ అని గూగుల్ వాళ్ల ఉచిత పనిముట్టు ఉంది, బ్రౌజర్లోనే పనిచేస్తుంది, ముందూ తర్వాతా పక్కపక్కన చూపిస్తుంది. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ రకంలో దాచితే ఇంకా తగ్గుతుంది. ఐఫోన్ అయితే ఫొటోలు హెచ్ఈఐసీ రకంలో ఉంటాయి, కొన్ని చోట్ల తెరుచుకోవు, జేపెగ్‌కి మార్చండి.

దీనికి ఎదురు సమస్య ఇంకొకరు రాశారు, ఊరి నుంచి తమ్ముడు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మసగ్గా ఉంటున్నాయని. వాట్సాప్ ఫొటోని బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది, తగ్గించడం మీరు చేసుకోవచ్చు.

వైజాగ్ నుంచి ఒక తల్లి: మా పాప గురించి రాస్తూ ఫొటోలు పెడుతుంటాను. మా చెల్లి భయపెడుతోంది, నిజంగా ఇబ్బందా?

మీ చెల్లెలు చెప్పింది వినండి. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో ఫైల్లోనే దాగి ఉంటుంది, కెమెరా సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. అది ఆపినా యూనిఫామ్ మీద స్కూలు పేరు, గేటు పక్క ఇంటి నంబరు, బండి నంబరు కనపడితే అంతే పని. పాప గీసిన బొమ్మ, ఇసకలో పాప పాదాల గుర్తులు, వెనక నుంచి సముద్రం వైపు చూస్తున్న జడ, వీటితో మీరు చెప్పాలనుకున్నదంతా వస్తుంది. బజార్లో కూరగాయలమ్మే అవ్వని తీసినా ఇదే మర్యాద, ముందు అడగండి, దేంట్లో పెడతారో చెప్పండి, వద్దంటే మానేయండి.

పోచంపల్లి నుంచి నేతన్న కుటుంబంలో అమ్మాయి: మా చీరల గురించి, నేత గురించి రాస్తున్న. ఫొటోల రంగు వేరే, చీర రంగు వేరే వస్తున్నది. చూసినోళ్లు ప్రింటు చీరనే అంటున్నరు, నాకు బాధైతున్నది.

అమ్మాయ్, రంగు సంగతి తొందరగా చెప్పేస్తా, రెండోదే ముఖ్యం. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, బయట నీడలో, ట్యూబ్‌లైటూ బల్బూ లేకుండా తీయి. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనపడే దాకా ఎడిటింగ్‌లో వార్మ్‌త్, అంటే పసుపు నీలం ఛాయల పాలు, సరిచేయి, కాగితం సరైతే చీర రంగు కూడా దాదాపు సరవుతుంది. ఎర్రటి పట్టుని ఫోన్లు మరీ మండేలా చూపిస్తాయి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించు. అయినా తేడా ఉంటే "కంటికి ఇంకాస్త ముదురుగా ఉంటుంది" అని రాసెయ్.

ఇక ప్రింటు అన్నవాళ్ల సంగతి. చీర పూర్తిగా పరిచి దూరం నుంచి తీస్తే ఎవరికీ తేడా తెలీదు, అందుకే అలా అంటున్నారు. మీ దగ్గర నూలు ముందే కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు కదా, అందుకే రంగు దారం లోపలి దాకా ఉంటుంది, రెండు వైపులా డిజైన్ ఒకేలా కనపడుతుంది. ప్రింటులో చాలావరకు వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. చీర చెంగు ఒక మూల మడిచి, ముందు వైపూ వెనక వైపూ ఒకే ఫొటోలో పడేలా, జానెడు దూరం నుంచి తీయి. ఇంకొకటి డిజైన్ అంచు మీద, ఒక రంగు ఇంకో రంగులోకి సన్నటి ఈకల్లా పాకే చోట, దారాలు లెక్కపెట్టగలిగేంత దగ్గర్నుంచి. మూడోది, మగ్గం ఎక్కకముందు, సగం కట్లు విప్పిన నూలు చిట్టం, ఇంట్లో ఎవరు విప్పుతున్నా వాళ్ల వేళ్లతో సహా. ఈ మూడూ నీ రాతలో మొదటి పేరా కిందే పెట్టు, చీర మొత్తం కనపడే ఫొటో ఆ తర్వాత.